నమ్మినబంటు నంప్టీ

వారానికి ఒక్కసారి చేపలు బాగుచేసే పని తప్పించుకోవడానికి మొగుడనేవాడు ఎంత దూరం వెళ్తాడు? మా అచ్చిబాబయితే ఇంగ్లీషు భాష పుట్టిన చోటు దాకా వెళ్ళి, దాన్ని మెడపట్టుకుని గోదావరి జిల్లాకు లాక్కొచ్చాడు. ఆ భాగోతమంతా నా కళ్ళముందే జరిగింది కాబట్టి చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

అచ్చిబాబుది కోనసీమ. మాదీ అటే. కువైట్‌లో, ఫింటాస్‌లో, వాళ్ళ ఫ్లాటు నెత్తిన మా ఫ్లాటు. నన్ను సాయిబాబు బావా అంటాడు. ఏ వరసన బావనో ఇద్దరికీ తెలియదు. రోజూ పొద్దున్నే అంత దూరం అమ్ఘరా పోయి, బిల్డింగు సామాన్లమ్మే ఒక యార్డులో స్టోర్‌కీపరుగా పనిచేస్తాడు. భార్య అరుణజ్యోతి ఇక్కడే ఓ క్లినిక్‌లో నర్సు.

వాళ్ళింట్లో ఒప్పందం ఒకటుంది. వారమంతా వంట ఆవిడది, శుక్రవారం వంట ఆయనది. పెళ్ళయిన కొత్తలో కుదిరిన ఒప్పందం. ఆ రోజుల్లో పెళ్ళికొడుకు దేనికైనా తలూపుతాడు, గంగిరెద్దు నయం.

శుక్రవారమంటే చేప. చేపంటే అరుణజ్యోతి దృష్టిలో సబూరు ఒక్కటే. మన పులసకు పినతల్లి బిడ్డలాంటి చేప అది. రుచికి అమృతం, ముళ్ళకు తుమ్మచెట్టు. "మార్కెట్లో బాగుచేయించుకొస్తానే" అంటే ఆవిడ ఒప్పుకోదు.

"ఆళ్ళు రుచంతా కడిగేసి మనకి శవాన్ని ఇత్తారండి" అంటుంది.

ఒక శుక్రవారం నేను కిందికి దిగేసరికి చేప సింకులో పొలుసుతో సహా నిగనిగలాడుతోంది. అచ్చిబాబు మాత్రం హాల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన ఖలందర్. అతనిది రాయచోటి, అదే కంపెనీలో ట్రైలరు తోలుతాడు.

"రా బావా, సమయానికొచ్చావ్. నంప్టీ అంటే ఏంటో చెప్పు" అన్నాడు అచ్చిబాబు.

"తినేదా, తాగేదా?"

"నన్నన్నారు!"

అన్నది ఎవరంటే వాళ్ళ మేనేజరు, మెక్‌నీల్ అనే స్కాట్లండు దొర. మన కుర్రాళ్ళకు నోరు తిరగక ఆయన్ని "మాకునీళ్ళు దొర" అంటారు. ఎండాకాలంలో ఎవరైనా ఆయన్ని కేకేస్తే, ఎవరో ఒకరు మంచినీళ్ళ సీసా తెచ్చి చేతిలో పెడతారట.

"ఏం చేస్తే అన్నాడు?" అని అడిగాను.

ఖలందర్ అందుకున్నాడు. "నేనే తోలుకపోయినా కదన్నా లోడు. కబ్ద్‌లో ఒక షేకుకు గొర్రెల ఫారం ఉండాది. గొర్రెలు నీళ్ళు తాగేదానికి తొట్లు కావాలన్న్యాడు. మనోడు ఏం పంపినాడో తెల్సునా? మనుషులు స్నానం చేసే టబ్బులు! తెల్లగా, నున్నగా, కొళాయిలతో సహా. ట్రైలరు నిండా!"

"తొట్టన్నాడు, తొట్టి పంపాను. అందులో తప్పేముంది?" అన్నాడు అచ్చిబాబు.

"సంగతి తెలిసి మేనేజరు పరిగెత్తుకోని ఫారం కాడికొచ్చినాడు. చూస్తే గొర్రెలన్నీ పెండ్లి బంతిలో మాదిరి వరసగా నిలబడి టబ్బుల్లో నీళ్ళు తాగతాండాయి. షేకు ఫోటోలు తీసుకుంటాండాడు. మేనేజరు నవ్వీ నవ్వీ నా బండి టైరు పట్టుకోని కూలబడినాడన్నా."

"తర్వాత యార్డుకొచ్చి నా భుజమ్మీద ఒక్కటేశాడు బావా. 'అచ్చీ, యూ ఆర్ ఏన్ ఆబ్సల్యూట్ నంప్టీ' అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు! అవి ఆనందబాష్పాలు కాకపోతే ఇంకేంటి?"

విషయం పెద్దదే. ముగ్గురం దానిమీద పడ్డాం.

ముందు ఫోనులో కొట్టి చూశాం. అచ్చిబాబు తనకు వినపడ్డట్టు ఎన్, ఏ, ఎమ్, పీ, టీ, ఐ అని కొట్టాడు. ఫోను ఆలోచించి "మీ ఉద్దేశం నమస్తేనా?" అని అడిగింది. ఈసారి నోటితో చెప్పి చూశాడు. దానికి "ఎంప్టీ" అని వినపడింది.

నాకు మెరుపులా తట్టింది. "ఎంప్టీ అంటే ఖాళీ. మీ యార్డులో సూపర్‌వైజరు పోస్టు ఖాళీగా ఉందన్నావుగా?"

సింకులో చేప కూడా ఊపిరి బిగబట్టినట్టనిపించింది.

"అది కాదులే అన్నా," అన్నాడు ఖలందర్. "నంబర్ టూ అనింటాడు. నవ్వులో మాట నలిగిపోయింటాది. నంబర్ టూ... నంబ్‌టూ... నంప్టీ. కంపెనీలో ఆయన నంబర్ వన్, నువ్వు నంబర్ టూ."

అచ్చిబాబు రెండూ విన్నాడు. రెండూ రుచించాయి. కానీ ఆయన ఆకలి వేరు. కళ్ళు మూసుకుని, కాసేపటికి మెల్లగా తెరిచాడు.

"బావా, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిందెవరు?"

"దొరలు."

"దొరల కింద పనిచేసిందెవరు?"

"మనోళ్ళు."

"మనోళ్ళు దొరతో ఏమనుంటారు? 'దొరా, నేను తవరి నమ్మినబంటునండి' అనుంటారు. దొరకా మాట నోరు తిరుగుద్దా? నమ్మినబంటు... నంబంటు... నంబ్టీ... నంప్టీ! మన మాటేరా! ఓడెక్కి ఆళ్ళ దేశం ఎల్లిపోయి, అక్కడ చలికి ఒణికి ఒణికి ఇంత చిన్నదైపోయి, ఇన్నాళ్ళకి నా భుజమ్మీద వాలింది!"

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అబద్ధం అంత అందంగా తయారై వస్తే, నిజం పక్కకు తప్పుకుని దారివ్వక ఏం చేస్తుంది?

సరిగ్గా అప్పుడు అరుణజ్యోతి డ్యూటీ నుంచి వచ్చింది. చెప్పులు విప్పకుండానే సింకు వైపు చూసింది.

"ఏవండీ, చేప అలాగే ఉందేంటండి?"

"అరుణా, కంపెనీ నమ్మినబంటు చేత చేపలు తోమిస్తావా?"

"కంపెనీకి బంటైతే కంపెనీ చేపలు తోమక్కర్లేదండి. ఇది ఇంటి చేప."

"నంప్టీ చేతికి పొలుసు అంటకూడదే."

"మరి నంప్టీ నోటికి పులుసు అంటొచ్చాండీ?"

ఖలందర్ నవ్వబోయి దగ్గాడు. అచ్చిబాబు జరిగినదంతా ధవళేశ్వరంతో సహా వినిపించాడు. ఆవిడ మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది, జ్వరం చూసినట్టు. చేప పాడైపోతుందని ఆ రోజుకు తనే కత్తి పట్టుకుంది.

గెలిచినవాడు ఊరుకుంటే ఈ కథ అక్కడితో ఖలాస్. అచ్చిబాబు ఊరుకోలేదు.

ఆ సాయంత్రమే కళ్ళజోడు పెట్టుకున్న ఫోటోతో వాట్సాప్ స్టేటస్ పెట్టాడు, "ప్రౌడ్ టు బి నంప్టీ" అని, ఆ నమస్తే స్పెల్లింగుతోనే. కంగ్రాట్స్ వానలా కురిశాయి. అది ఏదో సంస్థ పేరనుకుని ఒకాయన ఫుల్ ఫామ్ అడిగాడు. అచ్చిబాబు ఆలోచనలో పడేలోపే ఇంకొకాయన "నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మల్టీ పర్పస్ టెక్నికల్ ఇన్‌స్పెక్టర్స్" అని జవాబిచ్చేశాడు. ఊళ్ళో బామ్మర్ది ఏకంగా సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు. "కువైట్ గడ్డపై నంప్టీ బిరుదు సాధించిన మా బావగారికి శుభాకాంక్షలు." అందులో అచ్చిబాబు మీసం అసలుకంటే రెండింతలుంది. కింద ఊరి కుర్రాళ్ళ ఫోటోలు, ఒక్కడికీ నంప్టీ అంటే తెలియదు, అందరూ నమస్కారం పెడుతున్నారు.

నాలుగైదు రోజుల తర్వాత అరుణజ్యోతి మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"అన్నయ్యా, మా క్లినిక్‌లో పళ్ళ డాక్టరమ్మది స్కాట్లండేనండి. ఆ మాట గురించి అడిగాను. పాపం ఆవిడ పేషెంటు నోట్లో చెయ్యెట్టి మరీ నవ్వేసిందండి."

"ఇంతకీ ఏమిటట?"

"తింగరోడంటండి."

నేను గోడ పట్టుకున్నాను.

"మంచోడే గానీ బుర్ర ఇంట్లో మర్చిపోయొచ్చిన రకమంట. తిట్టే, కానీ ముద్దుగా తిట్టే తిట్టంట. ఎక్కణ్ణించి పుట్టిందో ఆళ్ళకే సరిగ్గా తెలీదంటండి."

"అచ్చిబాబుకు చెప్పేశావా?"

"అప్పుడేనా అన్నయ్యా?" అని నవ్వింది. నర్సులు సూది పొడిచే ముందు "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అని ఒక నవ్వు నవ్వుతారు చూశారూ, అదీ ఆ నవ్వు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. సింకులోకి మళ్ళీ సబూరు వచ్చింది. అచ్చిబాబు మళ్ళీ కాలు మీద కాలేశాడు.

"ఏవండీ, మీ బిరుదు గురించి మా డాక్టరమ్మని అడిగానండి" అంది అరుణజ్యోతి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

అచ్చిబాబు కాలు దిగింది. "ఏవంది?"

"మీరు చెప్పింది నిజమేనంటండి. చాలా పెద్ద బిరుదంట. పూర్వం స్కాట్లండు రాజుగారికి ఒక నమ్మినబంటు ఉండేవోడంట. రాజుగారికి ఎవరైనా విషం పెడతారేమోనని, ఆయన తినే చేప ఆ బంటే సొయంగా బాగుచేసి, సొయంగా వండేవోడంట. ఆయన్నే నంప్టీ అనేవోరంట. నంప్టీ చెయ్యి పడని చేప రాజుగారి బల్లెక్కేది కాదంటండి."

అచ్చిబాబు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"చేప... ఆయనే తోమేవాడా?"

"ఇంకోళ్ళు ముట్టుకుంటే ఆళ్ళ చెయ్యి నరికించేసేవోరంట రాజుగారు. పోనీ మనకెందుకండీ ఆ బిరుదు? తమ్ముడికి ఫోన్ చేసి ఫ్లెక్సీ దింపించెయ్యమంటాను, చేప నేనే తోముతాను" అని ఫోను తీసింది.

"వద్దొద్దు!" అని అచ్చిబాబు లేచాడు. లేచి, రాజుగారి ప్రాణం తన చేతుల్లో ఉన్నవాడిలా వంటింట్లోకి నడిచి, కత్తి అందుకున్నాడు.

అక్కడితో ఆగిందా? రెండు రోజులు గడిచాక "రాజుగారు రాత్రి భోజనం కూడా చేసేవోరంటండి" అంది. ఆ వారం నుంచి రోజూ రాత్రి వంట కూడా అచ్చిబాబుదే. అమ్ఘరా నుంచి వచ్చేవాడు, చొక్కా విప్పేవాడు, ఉల్లిపాయలు తరిగేవాడు. ఏడుస్తున్నది ఉల్లిపాయలకో బిరుదుకో తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే చెయ్యి తిరిగింది. పులుసు వాసన పై అంతస్తుకు వచ్చి మా ఆవిడ చేత నన్ను దెప్పించేదాకా వెళ్ళింది.

అరుణజ్యోతికి దడ పుట్టించిన సంగతి ఆ తర్వాత జరిగింది. సూపర్‌వైజరు పోస్టు ఎవరికిచ్చేదీ వారంలో తేలుస్తారని యార్డులో అనుకున్నారు. అచ్చిబాబు వెంటనే దొరను శుక్రవారం భోజనానికి పిలిచేశాడు. ఆయన వస్తానన్నాడు. అది చాలక ఫహాహీల్‌లో ఒక టీషర్టు ప్రింటు చేయించుకొచ్చాడు. గుండెల మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో, "నంప్టీ నంబర్ వన్."

అది చూసి అరుణజ్యోతి మొహం పాలిపోయింది. నన్ను కిందికి పిలిపించి, నా ముందే చెప్పింది.

"ఏవండీ, నా మాటినండి. అది బిరుదు కాదండి. నంప్టీ అంటే తింగరోడంట. నేనే సరదాకి..."

"ఆహా!" అన్నాడు అచ్చిబాబు.

"ఒట్టండి. కావాలంటే అన్నయ్యనడగండి."

"నిజమేరా," అన్నాను.

ఆయన మా ఇద్దర్నీ జాలిగా చూశాడు. "మొగుడు పైకొస్తుంటే పెళ్ళానికి భయం, బావమరిదొస్తుంటే బావకి కుళ్ళు. లోకం తీరే అంత. రాజుగారి కాలం నుంచీ ఉన్నదే ఇది."

"దొర ముందు ఆ చొక్కా ఏసుకోకండి. ఆయన్ని ఎగతాళి చేస్తన్నారనుకుంటాడు. పోస్టు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం ఊడితే ఇక్కడుండడానికిచ్చిన ఇఖామా ఏవవుద్దండి?"

"నువ్వు చింతపండు నానబెట్టు."

ఆవిడ నానబెట్టింది. వెనక నుంచి నెట్టిన బండి పల్లానికి పడితే, నెట్టినవాళ్ళే పరిగెత్తి పట్టుకోవాలి. పట్టుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మెక్‌నీల్ వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, టమాటా లాంటి మొహం, చేతిలో ఖర్జూరాల పెట్టె. తలుపు దగ్గరే టీషర్టు కనపడింది. కళ్ళజోడు సర్దుకుని చదువుకున్నాడు. ఆ నమస్తే స్పెల్లింగుతో ఆయనకు కూడా అర్థం కాలేదు. ఏ కంపెనీదో అనుకున్నట్టున్నాడు, మర్యాదగా తలూపి కూర్చున్నాడు.

అరుణజ్యోతి గుండెల నిండా గాలి పీల్చుకుంది. గండం గడిచిందనుకుంది. నేను, ఖలందర్ కూడా కూర్చున్నాం. పులుసు వడ్డించారు. దొర ఒక ముద్ద తిని, అద్భుతం, ఎవరు వండారని అడిగాడు.

"మీ నంప్టీయే సార్!" అన్నాడు అచ్చిబాబు గుండె మీద చెయ్యేసుకుని. "మీరిచ్చిన పేరే సార్. ఆబ్సల్యూట్ నంప్టీ!"

దొరకు అప్పుడు వెలిగింది. అదే సమయానికి ఆయన నోట్లో రెండో ముద్ద ఉంది. నవ్వు పైకి రాబోయింది, ముద్ద కిందికి పోబోయింది, కారం మధ్యలో ముక్కుకెక్కింది. మొహం టమాటా నుంచి బీట్‌రూట్ అయింది.

"నీళ్ళు! నీళ్ళు!" అని అరిచాడు ఖలందర్.

ఆ స్థితిలో కూడా దొర, తననే పిలుస్తున్నారనుకుని, చెయ్యెత్తి "ఎస్, ఎస్" అన్నాడు.

నీళ్ళు తాగి తేరుకున్నాక ఆయన నవ్వలేదు. "ఆ మాటకు అర్థమేమిటనుకుంటున్నావు, అచ్చీ?" అని మెల్లగా అడిగాడు. అచ్చిబాబు ఇక ఆగుతాడా! ఆనకట్ట, ఓడ, చలి, నమ్మినబంటు, మొత్తం ఇంగ్లీషులో పోశాడు. ఆ ఇంగ్లీషు వింటే దొర మళ్ళీ ఓడెక్కి వెళ్ళిపోతాడేమోననిపించింది.

దొర అంతా విన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అచ్చీ, నేను కారు తాళాలు లోపల పెట్టి తలుపు వేసేసినప్పుడు మా ఆవిడ నన్ను ఆ మాటే అంటుంది. టీలో పంచదార అనుకుని ఉప్పు వేసినప్పుడు అంటుంది. మా పెళ్ళిరోజున వేరే చర్చికి వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు మొదటిసారి అంది."

అచ్చిబాబు నవ్వుతూ విన్నాడు. తాళాల దగ్గర నవ్వు కొంచెం తగ్గింది. ఉప్పు దగ్గర సగమైంది. చర్చి దగ్గర ఆరిపోయింది. భార్య వైపు తిరిగాడు.

"అంటే..."

"తింగరోడండి. చెప్పానుగా" అంది అరుణజ్యోతి, చాలా మెల్లగా.

"మరి ఆ రాజుగారు? విషం? చేప?"

"ధవళేశ్వరంలో ఆనకట్ట మీరు కట్టారు. స్కాట్లండులో ఆనకట్ట నేను కట్టానండి."

అచ్చిబాబు రెండు చేతులూ తెచ్చి గుండెల మీద అక్షరాలకు అడ్డం పెట్టుకున్నాడు. ఒక చేతికి పులుసుంది. "నంబర్ వన్" మీద మరక పడింది.

ఏమిటి సంగతని దొర అడిగితే నేను రాజుగారి కథ ఇంగ్లీషులో చెప్పాను. ఈసారి ఆయన ఆపుకోలేదు. బల్ల మీద తలపెట్టి నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, అసలు విషయానికి వచ్చాడు.

ఆ స్నానాల టబ్బులు ఎవరూ కొనక యార్డులో ఏళ్ళ తరబడి దుమ్ము తింటున్నాయట. కబ్ద్ షేకు పెట్టిన ఫోటోలు చూసి, వాళ్ళ అన్నదమ్ములందరూ తమ గొర్రెలకూ అవే కావాలని ఫోన్ల మీద ఫోన్లట. ఇప్పుడు యార్డులో ఒక్క టబ్బు మిగల్లేదట.

"పోస్టు నీకేనని ఆఫీసులో చెప్పేశాను. ఆ మాట చెబుదామనే వచ్చాను. ఒకటే షరతు. ఇక మీదట ఎవరైనా తొట్టి అంటే, ఏ తొట్టి అని అడుగు."

అచ్చిబాబుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఖలందర్ "మబ్రూక్ అన్నా!" అని కౌగిలించుకుని రెండో మరక వేశాడు. అరుణజ్యోతి కళ్ళు మాత్రం నిజంగానే తడిశాయి. అయితే నర్సు కదా, తేరుకోవడం తొందరగా తేరుకుంటుంది.

"సార్, సూపర్‌వైజరుకి సెలవు శుక్రవారం ఒక్కటేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"శుక్రవారం, శనివారం, రెండూ."

"శనివారం కూడా రోజంతా ఇంట్లోనే ఉంటారా సార్?"

"ఆయ్" అన్నాడు దొర.

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. అచ్చమైన ఆయ్! అమలాపురం బస్టాండులో వినపడే ఆయ్!

"ఏందన్నా, ఈయన కూడా మీ పక్కోడేనా?" అన్నాడు ఖలందర్. స్కాట్లండులో అవుననడానికి అలాగే అంటారని దొర చెప్పాడు. చచ్చిన పాములా ఉన్న అచ్చిబాబు ఒక్కసారిగా పడగెత్తాడు.

"విన్నావా బావా! ఆయ్ ఎవరిది? మనది! ఆయ్ ఓడెక్కి ఎల్లిందంటే దాని పక్క సీట్లో..."

"ఓడ సంగతి తర్వాత చూద్దారి, ముందు శనివారం సంగతి తేల్చండి" అంది అరుణజ్యోతి, అందరూ వినేలా. "శుక్రవారం వంట ఎలాగూ తవరిదే. శనివారం కూడా తవరే చేత్తారాండీ?"

అచ్చిబాబు నా వైపు చూశాడు. నేను ముల్లు తీసుకుంటున్నాను. ఖలందర్ వైపు చూశాడు. అతను రెండో ముల్లు తీసుకుంటున్నాడు. ఇక దొర వైపు చూశాడు. ఆయన ఇంకో గరిటె పులుసు పోసుకుంటున్నాడు.

అచ్చిబాబు తల వంచుకున్నాడు.

"ఆయ్" అన్నాడు.

దొర పులుసు గరిటె పక్కన పెట్టి, వీపు మీద ఒక్కటేసి, ఆనందంతో కేక పెట్టాడు.

"శభాష్ అచ్చీ! మా భాష నీకెంత తొందరగా వంటబట్టిందయ్యా!"